మందు ఎక్కకముందు

తొంభై ఏడులో, నల్లగొండలోని ఒక స్కానింగ్ సెంటర్. మధ్యాహ్నం. బయట ముసురు, లోపల ఏసీ చలి, స్పిరిట్ వాసన, మిషన్ రొద. అక్కడ స్కానింగ్ తీసే తాజుద్దీన్ తన భార్య జులేఖాను బల్ల మీద పడుకోబెట్టి నడుముకు బెల్టు బిగించాడు. ఆమె ఎడమ కిడ్నీలో నిమ్మకాయంత గడ్డ ఉంది. వట్టి నీటితిత్తి అయితే గండం గడిచినట్టే. క్యాన్సర్ అయితే కిడ్నీ తీసేయాలి.

అది తేలాలంటే రెండు విడతలు పటాలు తీయాలి. ముందు ఉత్తగా, తర్వాత నరంలోకి మందు ఎక్కించి. మందు తాగి గడ్డ తెల్లబడితే క్యాన్సరని అనుమానం. తాగకపోతే నీటితిత్తి. జనం ఎక్కువున్న రోజుల్లో తాజుద్దీన్ మొదటి విడత ఎగ్గొట్టేవాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా! కిందటి నెల ఈదమ్మ అనే ముసలామెకు అట్లాగే చేశాడు. పటంలో గడ్డ తెల్లగా కనబడింది, కిడ్నీ తీసేశారు. కోసి చూస్తే, పాత నెత్తురు పేరుకున్న నీటితిత్తి. మందు ఎక్కకముందు కూడా అది తెల్లగానే ఉండి ఉంటుంది. ఈదమ్మ ఐదో రోజున పోయింది.

తనదాకా వచ్చేసరికి పెద్దమనిషికి పద్ధతి గుర్తుకొచ్చింది. మొదటి విడత ఓపిగ్గా తీశాడు.

"భయమైతాంది... జర జల్ది చెయ్యున్రి," అంది జులేఖా.

మందు ఎక్కించి, అద్దం వెనక గదిలో తెర ముందు కూర్చున్నాడు. గడ్డ తెల్లబడలేదు. నీటితిత్తే! అతనికి ప్రాణం లేచొచ్చింది.

తర్వాతి పటం వచ్చింది. కిడ్నీ పక్కన ఏవో సన్నటి గీతలు... ఐదు. వేళ్లు. ఆ తర్వాతి పటంలో అవి కిడ్నీని పట్టుకుని ఉన్నాయి...

మిషన్ గది మైకులోంచి గుసగుసగా ఈదమ్మ గొంతు.

"నీ పెండ్లానికి రెండుమార్లు తీసినవ్. నాకు ఒక్కమారే ఎందుకు తీసినవ్, కొడుకా?"

జులేఖా కెవ్వున అరిచింది. ఒళ్లు విల్లులా లేచింది. బెల్టు తెగింది. నోట్లోంచి నెత్తురు చిమ్మి మిషన్ మీద పడింది. తాజుద్దీన్ పరుగెత్తి, ఆమెను బయటికి లాగడానికి మిషన్ నడుమనున్న గుండ్రటి గుహలోకి చెయ్యి పెట్టాడు. చల్లటి పిడికిలి ఒకటి అతని వేళ్లను దొరకబుచ్చుకుంది. మెలిపెట్టింది. ఒక వేలు పటుక్కుమంది... ఇంకోటి... ఇంకోటి...

జులేఖాను పక్కనే ఉన్న దవాఖానకు మోసుకుపోయారు. లోపల నెత్తురు కారుతోందని కడుపు కోశారు. రెండు గంటలకు డాక్టర్ బయటికొచ్చాడు. మనిషి బతుకుతుందన్నాడు. తర్వాత, విరిగిన చేతితో నిలబడ్డ తాజుద్దీన్‌ను ఎగాదిగా చూశాడు.

"ఈమెకు ఇదివరకు ఆపరేషన్ ఎవరు చేసిన్రు? ఎడమ కిడ్నీ లేదు. లోపల కుట్లున్నయ్. అవి పడి నెల దాటింది."

జులేఖా ఒంటి మీద ఆ పొద్దటిదాకా ఒక్క కత్తిగాటు కూడా లేదు.