గోదారబ్బాయి పోర్క్ చిల్లీ

గేటు బయట చినుకుల్లో తడుస్తూ నిలబడ్డ కుర్రాణ్ణి చూడగానే, కరెంటు కనెక్షన్ పీకడానికి వచ్చాడనుకుంది కాశమ్మ. మంచి కబురు తెచ్చేవాడెవడూ అంత పెద్ద సంచి మోసుకుని, అంత భయం భయంగా నవ్వడని ఆమె నమ్మకం.

"బిల్లు కట్టీసేం బాబూ. మా పాప ఫోన్లోనే కట్టీసింది" అంది గేటు తియ్యకుండానే.

"బిల్లు కాదండి. పంది మాంసం అండి."

కాశమ్మ చప్పున గేటు ఊచలు పట్టుకుంది. పక్కింటి కిటికీ వైపు చూసింది. తెరిచే ఉంది.

"నెమ్మదిగా అను బాబూ. గోపాలపట్నం అంతా వినబడాలేటి?"

"సారీ అండి. నేను అనిరుధ్‌నండి. నీలిమా నేనూ ఒకే ఆఫీసండి."

అప్పుడు గేటు తీసింది. తీస్తూనే అతన్ని ఎగాదిగా చూసి నీరుగారిపోయింది. కూతురు మనసు పడ్డవాడంటే కాస్త మీసం, కాస్త కండ, తన మొగుడి గొంతుకి ఎదురు నిలిచే గొంతూ ఉంటాయని ఊహించుకుంది. ఈ అబ్బాయి చూస్తే మునక్కాడకి చొక్కా తొడిగినట్టున్నాడు.

నీలిమ ప్రేమ సంగతి ఇంట్లో ముందుగా కనిపెట్టింది కాశమ్మే. పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం చేసే పిల్ల, వానాకాలమంతా పొడి గొడుగుతో ఇంటికొచ్చేది. గొడుగు తడవకపోతే పిల్లయినా తడవాలి కదా. పిల్లా పొడిగానే వచ్చేది. ఇంకెవరిదో గొడుగు తడుస్తోందని కాశమ్మకి అర్థమైన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ గొడుగు వాడికి అంతకుముందే పెళ్ళయిందేమో, మోసగాడేమో, రేపు పేపర్లో పడతామేమో అని తెల్లారే దాకా అటూ ఇటూ దొర్లింది.

చివరికి తేలింది ఏమిటంటే, గొడుగువాడు మద్దిలపాలెం కుర్రాడు, తండ్రి పోర్టులో పని చేస్తాడు, సొంతవూరు గోదావరి జిల్లా.

"గోదారోళ్ళా? మాట తీపి, సెయ్యి మెత్తన" అని తేల్చేశాడు కాశమ్మ భర్త గురునాథరావు. ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపే మనిషి. ఏదైనా బరువు తూచి గానీ నమ్మడు. "మన ఇంట పంది కూర మగోడే వొండాల. పెరట్లో, కట్టెల పొయ్యి మీద. ఈ ఏడు నా భుజానికి ఆపరేషనైపోనాది. ఆడొచ్చి వొండి పెట్టమను, సూద్దాం. లేదంటే బొబ్బిలి సంబంధం ఉండనే ఉన్నాది. ఆదివారం సాయంత్రం ఆల్లు ఫోన్ సేత్తారు, అవునని సెప్పీత్తాను."

గోదావరి వాళ్ళింట పంది మాంసం పేరెత్తరని ఆయనకి తెలుసు. తెలిసే అన్నాడు.

అదిగో, ఆ ఆదివారం వచ్చింది.

పెరట్లో మూడిటికల పొయ్యి దగ్గర అనిరుధ్ సంచి విప్పాడు. శుభ్రంగా కోసిన సీమపంది మాంసం, నాలుగు రకాల పొడులు, ఉల్లిపాయలు, వెల్లుల్లి, టమాటాలు బయటికి వచ్చాయి. తర్వాత ఉడికించిన రాజ్మా డబ్బా వచ్చింది. అన్నిటికంటే ఆఖర్న ఒక నల్లటి చాక్లెట్ బిళ్ళ వచ్చింది.

చూరు కింద మంచం మీద కూర్చున్న సీతాలు మెడ సాచి చూసింది. గురునాథరావు తల్లి ఆమె. చూపు మందగించినా తిండి దగ్గర మాత్రం ఏదీ తప్పిపోదు.

"ఆ గింజలేటి బాబూ?"

"రాజ్మా అండి, మామ్మగారూ."

"పంది కూరలో గింజలా? సరే, ఆ సాక్లెట్టు ఎవలికి? నాకేనా?"

"కూరలో వేస్తానండి."

గురునాథరావు నవ్వడం మొదలెట్టాడు. నవ్వితే భుజం లాగుతుంది, అయినా ఆపలేకపోయాడు. "అమ్మా, ఈ బాబు పంది కూర వొండడానికి రాలేదే. పాయసం వొండడానికి వొచ్చేడు."

నీలిమ అనిరుధ్ చొక్కా పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కుపోయింది. అక్కడే గిన్నెలు తోముతున్న కాశమ్మ తల దించుకుంది. చెవులు మాత్రం దించలేదు.

"చాక్లెట్ ఏంటి అనీ? నీకు బుర్ర ఉన్నాదా?"

"నువ్వేగా 'మా నాన్నకి పోర్క్ చిల్లీ ఇష్టం' అని మెసేజ్ పెట్టావ్."

"అంటే చిల్లీ పోర్క్. చిల్లీ చికెన్ లాగ. పచ్చిమిరపకాయలేసి, గట్టిగా వేపుడు."

"నీ మెసేజ్‌లో పోర్క్ ముందుంది, చిల్లీ వెనకుంది. అలాగే వెతికాను. అమెరికావాళ్ళ వంట వచ్చింది. గింజలు, గ్రేవీ, చాక్లెట్. ప్రతి ఆదివారం మా ఫ్రెండ్ నాగవంశీ రూమ్‌లో అదే ప్రాక్టీస్. వాడిప్పుడు నన్ను చూస్తే తలుపేసుకుంటున్నాడు."

"ఒక్కసారి ఫోన్ చేసి అడగొచ్చు కదా."

"సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నా."

"చేశావులే. మా నాన్న మొహం చూడు, కుర్చీలోంచి పడిపోతాడు." నీలిమ గొంతు అంతలోనే సన్నబడింది. "ఇప్పుడేం చేద్దాం? పోనీ, వేపుడు చేసీ."

"నాకు వేపుడు రాదు నీలూ. వచ్చింది ఇదొక్కటే. మీ నాన్నగారు నవ్వితే నవ్వనీ. రానిది వచ్చినట్టు ఆయన ముందు నాటకం ఆడలేను."

కాశమ్మ తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. మునక్కాడే గానీ, కాస్త గట్టి మునక్కాడ అనుకుంది.

పొయ్యి రాజుకోవడానికి చాలాసేపు మొరాయించింది. అనిరుధ్ ఊది ఊది బూడిద మొహం చేసుకున్నాడు. నీలిమ చున్నీ కొసతో తుడవబోయి, తండ్రి చూస్తున్నాడని ఆ కొసని తన మొహానికే అద్దుకుంది. నెమ్మదిగా మంట లేచింది. ముక్క తన కొవ్వులో తానే వేగుతుంటే, ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర, గుంటూరు మిరపకాయ ముద్ద ఒకదాని వెనక ఒకటి దాకలో పడ్డాయి. సీతాలు ముక్కు అటు తిరిగింది. గురునాథరావు నవ్వు కూడా ఎక్కడో ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడు సింహాచలం కొండ మీద నుంచి వాన దిగింది. చినుకు కాదు, కుండపోత.

నీలిమ గొడుగు తెచ్చి దాక మీద పట్టింది. ఇద్దరూ నిలువునా తడిసి, దాకని పసిపిల్లలా కాచుకున్నారు. కానీ కింద నుంచి వచ్చే నీళ్ళకి గొడుగేం చేస్తుంది? పొయ్యి ఒక్కసారి బుస్సుమని చల్లారిపోయింది.

"అయిపోనాది" అన్నాడు గురునాథరావు చూరు కింద నుంచి. "పచ్చి మాంసం, ఆరిన పొయ్యి. పాపం, పిల్లాడు కష్టపడ్డాడు. కాదన్ను. బొబ్బిలోళ్ళ ఫోన్ వొచ్చే ఏలయింది, నాను మాట ఇచ్చీత్తాను."

నీలిమ తండ్రి వైపు తిరిగి చూసింది. గొడుగు మాత్రం దించలేదు.

కాశమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె బుర్రలో భయాలన్నీ బారులు తీరాయి. ఉడకని పంది మాంసం తింటే మెదడులోకి పురుగు పాకుతుందట. తడిసిన పిల్లలకి నిమ్ము చేస్తుంది. ఆ ఇంట్లో పంది కూర గడప దాటి లోపలికి రాకూడదు, అది ఆమె కాపరానికి వచ్చిన నాటి నుంచీ వింటున్న మాట, దాటితే అత్తగారు ఏమంటుందో. ఇన్నింటి మధ్యలో గొడుగు పట్టుకున్న కూతురి మొహం కనబడింది. భయస్తులకి ఒక సుఖం ఉంది. పెద్ద భయం వచ్చిందంటే చిన్న భయాలన్నిటినీ మింగేస్తుంది.

"బాబూ, దాక లోపలికి తెచ్చీ" అంది. "గ్యాస్ మీద పెట్టు."

గురునాథరావు కుర్చీలోంచి లేచాడు. "కాశీ, మతిపోయిందేటి? వంటింట్లోకా? మా అమ్మ ఊరుకుంతాదా?"

అందరూ సీతాలు వైపు చూశారు. కాశమ్మ కళ్ళు దించుకుంది. తలుపు మాత్రం ఆమె చేతిలో బార్లా తెరిచే ఉంది.

"నానేటన్నాను?" అంది సీతాలు.

"నువ్వే కదే అమ్మా, పంది కూర గడప దాటకూడదని..."

"నానెప్పుడన్నాన్రా. మీ నాయనన్నాడు. పెరట్లో వొండితే పక్కన కల్లు కుండ ఎట్టుకోవొచ్చని. లోపల వొండితే నాను సూసీత్తానని."

గురునాథరావు మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

"మరి మగోడే వొండాలని..."

"అదీ ఆయనే అన్నాడు. నానెందుకు వొద్దంతాను? ఒక్క పూటైనా పొయ్యి కాడ కూకోడం తప్పుతాది కదా." సీతాలు కాళ్ళు ముడుచుకుంది. "తొరగా కానియ్యండి. ఆకలేత్తన్నాది."

ముందు నవ్వింది నీలిమ. ఆ నవ్వు చూసి అనిరుధ్ దాకని దేవుడి పల్లకీలా ఎత్తుకుని గడప దాటాడు.

వంటింట్లో కాశమ్మ అతని పక్కనుంచి కదల్లేదు. టమాటాలు పడ్డాయి, గింజలు పడ్డాయి, చాక్లెట్ ముక్క నల్లగా కరిగిపోయింది. మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచాక, క్షణానికోసారి ఆమె మూత తీయించింది.

"ముక్క నొక్కి సూడు బాబూ."

"ఉడికిందండి."

"ఇంకాసేపు ఉంచు."

"వీడియోలో ఇంతసేపు చాలన్నారండి."

"ఆల్లకి పిల్లలు లేరేటి? ఉంచు."

ఉంచాడు. మళ్ళీ ఉంచమంది, మళ్ళీ ఉంచాడు. ఆమె భయం తీరేసరికి ముక్క గరిటె తగిలితే విడిపోయేంత మెత్తబడింది. గింజలు పులుసుని తాగేసి ఉబ్బాయి. పైన ఎర్రటి నూనె తేలింది. అనిరుధ్ ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, కళ్ళు పెద్దవి చేశాడు.

"నాగవంశీ రూమ్‌లో ఒక్కసారీ ఇలా రాలేదండి."

"అక్కడ నీకు తల్లి పక్కన లేదు కదా" అంది కాశమ్మ. అని, తనలో తనే సిగ్గుపడింది.

వేడి అన్నం మీద కూర పడింది, పక్కన పచ్చి ఉల్లిపాయ. సీతాలు ముద్ద మీద ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఎవరి వంకా చూడలేదు. గురునాథరావు ఎడం చేత్తో చెంచా పట్టుకుని, ముందు గింజ ఒకటి తిన్నాడు. తర్వాత ముక్క తిన్నాడు. తర్వాత తల ఎత్తకుండా తిన్నాడు. నీలిమ కంచంలో వేళ్ళు కదపడం లేదు. కాశమ్మ మనసులో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేసి, లేనివాళ్ళ కోసం వెతుకుతోంది.

ఫోన్ మోగింది. బొబ్బిలి.

గురునాథరావు నోట్లో ముద్ద మింగి ఫోన్ ఎత్తాడు. "ఆ, నమస్కారమండి. మీ ఫోన్ కోసమే సూత్తన్నాం. ఏటనుకోకండి, మా అమ్మాయికి కుదిరిపోనాదండి... ఇప్పుడేనండి... కుర్రాడా? ఇక్కడే, వైజాగే. ఉంతానండి మరి, కూర సల్లారిపోతన్నాది."

ఫోన్ పక్కన పెట్టి కంచం ముందుకి జరిపాడు. "కాస్త గింజలు ఎక్కువెయ్."

గరిటె పట్టుకున్న అనిరుధ్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "మావయ్యగారూ, అంటే మీరు..."

"నన్నేటి సూత్తావ్? నన్ను గెలిసీసేవ్ కదా. ఆ గుంటనడిగేవా అసలు?"

అనిరుధ్ నీలిమ వైపు తిరిగాడు. జుట్టులోంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి, బుగ్గ మీద బూడిద అలాగే ఉంది. "నన్ను పెళ్ళి చేసుకుంటావా నీలూ? నీ కోసం వేపుడు కూడా నేర్చుకుంటాను."

"నేర్చుకోకు" అంది నీలిమ. "ఇదే చెయ్యి. రోజూ వద్దు గానీ."

"అదేటే, సేసుకుంతావా లేదా సెప్పు" అంది సీతాలు, నోటి నిండా అన్నంతో.

"చేసుకుంటాను నాయనమ్మా."

"అయితే ఆ పిల్లాడికి కంచమెయ్యండి. నిలబెట్టి ఏటి పెళ్ళి మాటలు?"

అందరూ ఒకేసారి మాట్లాడుతుండగా, అనిరుధ్ తన తల్లి కామేశ్వరికి ఫోన్ కలిపి కాశమ్మ చేతిలో పెట్టాడు. "మీరు చెప్తేనే బాగుంటుందండి" అన్నాడు.

"హలో" అంది కాశమ్మ. "నాను నీలిమ అమ్మనండి."

అవతలి గొంతు కంగారు పడింది. "అయ్యో, చెప్పండి. మావాడు బాగానే ఉన్నాడా అండి? ఇంత వాన. బండి మీద వెళ్ళాడు. పొద్దుట్నుంచి నా ప్రాణం ప్రాణంలో లేదండి. వాడేమైనా తప్పు చేశాడా?"

కాశమ్మ మొహం విప్పారింది. ఈ లోకంలో తనలాంటి మనిషి ఇంకొకరున్నారు, ఊరికి అవతలి కొసలో, ఇదే వానని చూస్తూ, ఇదే గుండెదడతో. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒకరికి ధైర్యం చెప్పే పని ఆమె మీద పడింది. గొంతు సవరించుకుంది. కొంగు బొడ్లో దోపింది.

"తప్పేటీ సెయ్యలేదమ్మా. బంగారం నీ కొడుకు. మా పిల్లనడిగేడు. మేం ఇచ్చీసేం."

అవతల ఏదో స్టీలు గిన్నె కింద పడిన చప్పుడు. ఆ వెనకే ముక్కు ఎగబీల్చిన చప్పుడు, అంతలోనే తడి తడిగా నవ్వు.

"ఆ ముక్క ఇంకోసారి చెప్పండి, వదినగారూ."