కోబాల్ట్ చప్పుడు చేయలేదు

కోబాల్ట్ కంపెనీ సీనియర్ టెక్నీషియన్ స్టేజీ వెనక స్క్రూడ్రైవర్ చేతిలో ఉండగానే చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. ఫోన్‌లో సగం టైప్ చేసిన మెసేజ్: "రెండు కన్సోళ్లలో ఒకటి అసలుది కాదు. లోపల బాంబు..."

బ్రీఫింగ్ రూమ్‌లో చీఫ్ ఆ ఫోటో టేబుల్ మీద పడేశాడు. డ్రోన్ పైలట్ల ట్రైనింగుకి ఏ వీడియో గేమ్ కన్సోల్ కొనాలో తేల్చడానికి ఆ సాయంత్రమే ఎయిర్‌ఫోర్స్ కమిటీ కూర్చుంటోంది. కోబాల్ట్, పెర్ల్ అనే రెండు మెషీన్లను పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు. ముందు వరసలో జనరల్‌తో సహా పెద్దలంతా ఉంటారు. 'కార్పెంటర్' అనే విదేశీ ముఠా ఆ వరసనంతటినీ ఒక్కసారే లేపేయాలని చూస్తోంది. వాయిదా వేయమంటే జనరల్ ససేమిరా అన్నాడు. మెషీన్లు ముందే విప్పి చూస్తే ముఠా మనుషులు చేజారిపోతారు.

"నెమలి ప్లేయర్ వేషంలో స్టేజీ మీద ఆడతాడు. కాకి టెక్నికల్ ఎక్స్‌పర్ట్‌గా పక్కన నిలబడతాడు," అన్నాడు చీఫ్.

పక్కన నిలబడతాడట. కాకికి ఒళ్లు మండింది. కోడ్ నేమ్ దగ్గరే మొదలైన మంట అది. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్లు, ఒకే డిపార్ట్‌మెంట్. తను పెద్దల్లుడు, పైగా సీనియర్. అయినా పక్షుల పేర్లు పంచేటప్పుడు తనకి కాకి, తోడల్లుడికి నెమలి. గాడ్జెట్ల దగ్గరా అంతే. నెమలికి కెమెరా, లేజర్ ఉన్న వాచీ. తనకి దగ్గర్లోని వైర్‌లెస్ సిగ్నళ్లను ఆపేసే పెన్ను. రాసుకోవడానికి కూడా పనికొస్తుందని స్టోర్‌కీపర్ ఊరడించాడు.

ఇక ఇంటి సంగతి చెప్పనక్కర్లేదు. కాకి ముచ్చటపడి పెర్ల్ కొన్నాడు. తెల్లగా, పలచగా ఉంటుంది. స్క్రీన్ ఊడదీసి మంచం మీద పడుకునీ ఆడుకోవచ్చు. నెల తిరక్కుండా నెమలి కోబాల్ట్ తెచ్చాడు. నల్లగా, నిటారుగా, టీవీ పక్కన కాపలాదారులా నిలబడింది. అందులో గడ్డిపోచ ఊగడం కూడా కనిపిస్తుంది. కారు గుంతలో పడితే ఆ అదురు కంట్రోలర్‌లోంచి అరచేతికి తెలుస్తుంది. కాకి భార్య చెల్లెలింట్లో కాసేపు ఆడి వచ్చి, "మనది చిన్నపిల్లల బొమ్మలెండి," అంది. ఆ పూట కాకికి ముద్ద దిగలేదు.

అప్పట్నుంచి ఆదివారం వస్తే చాలు, మరదలి ఇంట్లో వాలిపోయి ఆ కోబాల్ట్‌లో వంకలు వెతకడమే అతని పని. దొరికింది ఒక్కటే. పెద్ద సీన్ రాగానే దాని ఫ్యాన్ మిక్సీలా గోల పెడుతుంది. ఆ గోల వింటే కాకికి ప్రాణం లేచొచ్చేది.

సాయంత్రం హాలు నిండింది. కోబాల్ట్ తరఫున డెమో ఇచ్చే అమ్మాయి వెండిరంగు గౌనులో స్టేజీ ఎక్కింది. కోడ్ నేమ్ హంస. ముఠాలో ఉంటూ మనకి సమాచారం చేరవేసే మనిషి. మైకు సర్దే నెపంతో నెమలి కాలర్ పట్టుకుని, బాంబు పెర్ల్‌లో ఉందని చెవిలో ఊదింది. జానెడు దూరంలో ఉన్న కాకి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

నెమలి సైగ చేశాడు. ఎలక్ట్రీషియన్ల వేషంలో ఉన్న బాంబ్ స్క్వాడ్ పెర్ల్‌ని ట్రాలీ మీద జాగ్రత్తగా బయటికి తీసుకుపోయింది. ఏదో సాంకేతిక లోపమని మైకులో చెప్పారు. ముందు వరసలో నవ్వులు. ఇక్కడా పెర్ల్‌కే పరువు పోవాలా అని కాకి పళ్లు నూరుకున్నాడు.

కోబాల్ట్ ఆన్ అయింది. పెద్ద తెర మీద జోరు వానలో మహానగరం. చినుకు చినుకూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. కాకి అలవాటుగా చెవులు రిక్కించి, ఫ్యాన్ గోల కోసం ఆశగా ఎదురుచూశాడు.

చప్పుడు లేదు.

జనరల్ ముందు కూడా తోడల్లుడికే మర్యాద దక్కిందని ముందు ఏడుపొచ్చినంత పనయింది. ఆ తరవాత అసలు సంగతి తట్టింది.

"వాన పడుతోంది," అన్నాడు కాలర్ మైకులో. అన్నీ ఆపేయమనే కోడ్ అది.

నెమలి బొటనవేలు స్టార్ట్ బటన్ మీదే ఉంది. "అన్నయ్యా, నేను ఆడుతుంటే చూడలేకపోతున్నావు కదూ?" ఇయర్‌పీస్‌లో అతని గొంతు చల్లగా వినిపించింది. స్టార్ట్ నొక్కే క్షణానికి తెర మీద లెక్క మొదలైంది. పది. తొమ్మిది.

ఇప్పుడు చెప్పకపోతే ఇద్దరి పెళ్లాలూ విధవలవుతారు. చెబితే ఇక జన్మలో ఆ ఇంటి గడప తొక్కలేడు.

"చూడలేను. నువ్వు ఆ కోబాల్ట్ కొన్న రోజు నుంచీ చూడలేను. ప్రతి ఆదివారం నీ ఇంటికొచ్చేది నీ మీద ప్రేమతో కాదు, దాని ఫ్యాన్ అరుస్తుంటే విని సంతోషించడానికి. ఇది అరవట్లేదు తమ్ముడూ. ఇది కోబాల్ట్ కాదు."

రెండు. నెమలి వేలు గాల్లో ఆగిపోయింది.

అది చూసి హంస టేబుల్ మీదున్న రెండో వైర్‌లెస్ కంట్రోలర్ అందుకుంది. కాకి పెన్ను నొక్కాడు. ఆమె స్టార్ట్ బటన్ నొక్కి తలుపు వైపు పరుగు తీయబోయి, ఏమీ జరక్కపోవడంతో మళ్లీ నొక్కింది. ఆ అయోమయంలోనే నెమలి ఆమె చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

విప్పి చూస్తే పెర్ల్‌లో ఏమీ లేదు, కోబాల్ట్‌లో ప్రాసెసర్ పక్కనే బాంబు. స్టార్ట్ నొక్కిన కొన్ని క్షణాలకి పేలేలా కలిపారు. ముఠా డిజైనర్ పెట్టెని అచ్చుగుద్దినట్టు చేశాడు కానీ, అవతలివాడి నాసిరకం ఫ్యాన్‌ని కాపీ కొట్టడానికి మనసొప్పక, తనేంటో చూపించుకోవాలని చప్పుడు లేనిది పెట్టాడు. విచారణలో ఆ మాట విన్నప్పుడు, ఆ ఒక్క శత్రువు మీద కాకికి జాలేసింది.

మెడల్ నెమలికి వచ్చింది. ఫోటోలో ముందున్నది అతనే మరి. కాకికి డిపార్ట్‌మెంట్ తరఫున కొత్త కోబాల్ట్ ఇచ్చారు. భార్య ఎగిరి గంతేసినంత పని చేసింది. కాకి గర్వంగా దాన్ని టీవీ పక్కన నిలబెట్టి, ఫ్యాన్ గోలలో ఆట మొదలుపెట్టేసరికి ఫోన్ మోగింది.

"అన్నయ్యా, మనసులో ఏం పెట్టుకోకు, ఆదివారం తప్పకుండా రా," అన్నాడు తోడల్లుడు. "ఆ కోబాల్ట్ గోల భరించలేక తీసేశాం. పెర్ల్ కొత్త మోడల్ తెచ్చాం, స్క్రీన్ నీదానికంటే రెండింతలుంది."

కాకి గేమ్ పాజ్ చేసి, ఎన్నింటికి రమ్మంటావని అడిగాడు.