కోముజ్‌కి కరెంటు

"ఈ ఇనప దిమ్మె నువ్వు మొయ్యగలవా?" అని ఎర్నిస్ ఎగతాళి చేస్తే సైకాల్ మూతి ముడిచింది.

కరాకోల్ ఊరి బజారులో అతనిది రేడియో సామాన్ల కొట్టు. ఆమె మూడు తీగల కోముజ్ వాయిస్తుంది. దాని మెత్తని నాదం హాలంతా వినపడాలని సొంతంగా యాంప్లిఫయర్ తయారు చేసుకుంది. దానికి కరెంటు అందించడానికి పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె అడిగితే, అతను అరచేతిలో ఇమిడే కొత్త అడాప్టర్ చూపించాడు.

"ఇలాంటివి కూత పెడతాయంటారు."

"ఇక్కడ కూత పెట్టేది నువ్వొక్కదానివే! రెండూ పన్నెండు వోల్టులే తల్లీ. నేను చెబుతున్నాగా."

నిజానికి అతనికి అంత తెలియదు. ఇంకో రెండు మాటలు కలపాలని గొప్పలకు పోయాడు. ఆమె అనుమానంగానే కొనుక్కుంది.

ఆదివారం మధ్యాహ్నం స్నేహితుడి పెళ్ళి విందుకు వెళ్తే, వేదిక మీద సైకాల్ కనిపించింది. ఎర్నిస్ మొహం చాటంతయింది. ఆమె తీగ మీటేలోపే స్పీకరు కుయ్యిమంటూ కూత అందుకుంది.

"దోమల్ని ఎవరు పిలిచారర్రా పెళ్ళికి?" అన్నారెవరో. మాంసం తింటున్న వాళ్ళంతా ఘొల్లుమన్నారు. సైకాల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎర్నిస్‌కి తల కొట్టేసినట్టయింది.

సరిగ్గా అప్పుడే, బల్లబల్లకీ తిరిగి అందరిచేతా దీవెనలు చెప్పిస్తున్న పెద్దమనిషి అతని చేతిలో మైకు పెట్టాడు. నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చుంటే ఎవరికీ ఏమీ తెలియదు.

"ఆ కూత ఆమె తప్పు కాదండీ," అన్నాడు ఎర్నిస్. "ఆమె అడిగింది వేరు. అన్నీ తెలిసినట్టు నవ్వి, ఇది అంటగట్టింది నేను."

పెళ్ళికొడుకు నాయనమ్మ తలకు కట్టుకున్న తెల్ల రుమాలు సవరించుకుంది. "దీవించమంటే తప్పులు ఒప్పుకుంటున్నావేంట్రా? దీవెనేదీ?"

"మీ కాపురంలో ఒకరు చెబితే ఒకరు వినాలి. నేను వినలేదు."

అతను తిన్నగా బయటికి నడిచి, తన కారు బ్యాటరీ ఊడదీసి మోసుకొచ్చాడు. దాని కరెంటుకి ఈ గోల ఉండదు. తెల్లచొక్కా మసిబారింది. సైకాల్ అతని వైపు చూడకుండానే యాంప్లిఫయర్ వైర్లు బ్యాటరీకి తగిలించింది.

"క్లిప్పు వదులుగా ఉంది. పాటయ్యేదాకా పట్టుకో."

ఊరంతా చూస్తుండగా ఆమె కాళ్ళ దగ్గర మోకరిల్లి పట్టుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. కోముజ్ మాత్రం హాయిగా పలికింది. చప్పట్ల మధ్య ఆమె కిందికి వంగింది.

"ఆ రోజు అంత ఏడిపించావెందుకు?"

"కొనుక్కుని వెంటనే వెళ్ళిపోతావని. నువ్వంటే ఇష్టం సైకాల్. ఇప్పుడు చెప్పుకోవడానికి మొహం లేదు."

"తప్పేమో ఊరందరి ముందూ ఒప్పుకున్నావు. ఇది మాత్రం నా చెవిలోనా?"

అతను మైకు కోసం గబుక్కున లేవబోయాడు.

"కూర్చో! క్లిప్పు వదలకు. ఇంకో పాటుంది," అని నవ్వేసింది సైకాల్.