కోల్డర్ లోయలో తీసిన రాయి

కోల్డర్ లోయకి మంచి పేరు లేదు. యూటా ఎడారిలో అలాంటి ఎర్రలోయలు కోకొల్లలు. కానీ పొద్దుగూకాక అక్కడ బండి ఆపమంటే ఆ చుట్టుపక్కలవాళ్ళెవరూ ఆపరు. ఏ కాలానివో మహావృక్షాలు కూలిపడి, పడ్డచోటే రాయైపోయాయి. ఆ రాయి పలుకొక్కటి జేబులో వేసుకున్నారా... ఇక అంతే. ఇంజను చెడుతుంది, కాలు విరుగుతుంది, కాపురం కూలుతుంది. తీసుకెళ్ళినవాళ్ళు లెంపలేసుకుని పోస్టులో తిప్పి పంపుతారు. పార్కు ఆఫీసు వెనక అలా వచ్చిన రాళ్ళు నిలువెత్తు కుప్ప. రాత్రిళ్ళు ఆ మానుల మధ్య ఎవరో గొణుగుతుంటారని కూడా అంటారు.

ఆరిన్ ఆ కుప్పని చూసి పడీపడీ నవ్వాడు.

"దేశంలో ఇంతమంది దద్దమ్మలున్నారన్నమాట," అన్నాడు భార్య గ్లెండాతో.

స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎనిమిదో తరగతి పిల్లలకంటే దెయ్యాలే నయమని అతని అనుభవం. ఇప్పుడు పెళ్ళాంతో కలిసి వ్యాన్‌లో పార్కులన్నీ చుట్టబెడుతున్నాడు. ఆ మధ్యాహ్నమే, గ్లెండా ఫొటోలు తీసుకుంటుంటే, బెల్లంముక్కంత ఎర్రరాయి ఒకటి గుట్టుగా జేబులో వేసుకున్నాడు.

గంట తిరిగేలోపు టైరు పేలింది. ఈల వేసుకుంటూ మార్చాడు. ఐసుపెట్టె బోర్లాపడి సాసేజీలు ఇసుకలో పొర్లాయి. కడుక్కుని కాల్చుకు తిన్నారు. ఎక్కడో కురిసిన వానకి వాగు పొంగి, సాయంత్రానికల్లా రోడ్డు మూసేశారు. "ఎడారికొచ్చి వరదలో చిక్కాం, చూశావా మన జాతకం," అని మళ్ళీ నవ్వాడు.

పొద్దు వాలుతుండగా గుట్టెక్కితే ఫోనుకి ప్రాణం వచ్చింది. అల్లుడు కోడీ మధ్యాహ్నమెప్పుడో పంపిన మెసేజి. కూతురు టెస్సాకి నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. గడువింకా నెలపైనే ఉంది.

ఈసారి ఆరిన్ నవ్వలేదు.

ఒక్కగానొక్క కూతురు. వాగుకి అవతల, ఎక్కడో దూరాన. ఇక్కణ్ణుంచి తను చేయగలిగిందేమీ లేదు... ఒక్కటి తప్ప. జేబులో రాయి తొడకి చల్లగా తగులుతోంది.

చీకటి పడ్డాక, "మళ్ళీ గుట్టెక్కి సిగ్నల్ చూసొస్తా," అన్నాడు, గ్లెండా మొహం చూడకుండా.

"వెళ్ళిరా. నేను కాస్త నడుం వాలుస్తా. కబురొస్తే లేపు."

నిజంగానే గుట్టెక్కాడు. కొత్త కబురేం లేదు. అటునుంచటే లోయలోకి దిగాడు. వ్యాన్‌లోంచి గ్లెండా కంటపడితే పరువు పోతుందని టార్చి వెలిగించలేదు, వెన్నెల ఉంది కదా అని. మానులు పక్కపక్కన పడుకున్న మనుషుల్లా ఉన్నాయి. తన బూట్ల కింది ఇసుక చప్పుడే, ఎవరో వెంటబడ్డట్టు వినిపిస్తోంది.

పెద్ద మాను దగ్గరికొచ్చి... ఆగిపోయాడు.

అవతల తెల్లగా ఏదో ఉంది.

కదిలింది. నేలకి వంగి, ముందుకీ వెనక్కీ ఊగుతోంది — గొణుగుతోంది.

"తీసుకో... నీది నువ్వు తీసుకో... పిల్లని మాత్రం వదిలెయ్..."

దీనికి టెస్సా సంగతెలా తెలుసు? పారిపొమ్మని ప్రాణం మొత్తుకుంటోంది. పారిపోతే రాయి జేబులోనే ఉండిపోతుంది... అక్కడ పిల్ల ఏమవుతుందో. రాయి బయటికి తీశాడు.

"ఇదిగో... నాది కూడా..."

తెల్లటిది గిరుక్కున తిరిగి, చెవులు చిల్లులుపడేలా కేకపెట్టింది. ఆరిన్ అంతకంటే గట్టిగా పెట్టాడు. రెండు కేకల్నీ కలిపి లోయ తనూ ఓసారి అరిచింది.

టార్చి వెలిగింది. దుప్పటి ముసుగులో... గ్లెండా.

"ఏమయ్యా, సిగ్నల్ ఇక్కడుందా?"

"నువ్వు నడుం ఇక్కడ వాల్చావా?"

ఆవిడ కాళ్ళ దగ్గర చింతపిక్కంత నీలంరాయి మెరుస్తోంది. ఆరిన్ దాన్నీ, ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు.

"దొంగతనం మహాపాపమని చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పేది నువ్వే కదే?"

"చెప్పా. అయినా కంటికి నచ్చింది. నువ్వేమో దద్దమ్మలని ఒకటే నవ్వు... ఆ జాబితాలో నేనూ ఉన్నానని ఏ మొహంతో చెప్పను?"

నవ్వాలో ఏడవాలో తెలీక ఇద్దరూ రెండూ చేశారు. తర్వాత ఒకరినొకరు పట్టుకుని గుట్టెక్కారు. పైకి రాగానే ఫోను మోగింది. ఆడపిల్ల. చిన్నదే గానీ గొంతు పెద్దదట. తల్లీబిడ్డా క్షేమం. పొద్దుగూకే వేళకే పుట్టిందనీ, కంగారులో కబురు పెట్టడం మరిచాననీ కోడీ రాశాడు.

గ్లెండా దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఆరిన్ కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళతోపాటే పాత ధీమా కూడా తేటపడింది.

"చూశావా? పిల్ల పుట్టేవేళకి రాళ్ళు మన దగ్గరే ఉన్నాయి. రాళ్ళకీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

"అయితే వెళ్ళి నా నీలంరాయి తెచ్చిపెట్టు. మనవరాలికిద్దాం."

"అదెంత పని," అని రెండడుగులు వేశాడు.

కింద, పెద్ద మాను దగ్గర, చిన్న దీపం వెలిగింది. ఎవరో మోకాళ్ళ మీద వంగినట్టు నేలదాకా దిగి... అక్కడే ఆగింది.

"ఇంకెవరో పాపం," గ్లెండా గుసగుసగా అంది. "వాళ్ళకీ కూతురుందేమో. మనం చూస్తే సిగ్గుపడతారు. వచ్చి కూర్చో."

ఆరిన్ వచ్చి కూర్చున్నాడు. రోడ్డు మూసేశారు, ఇటు రావడానికి వేరే దారీ లేదు. ఈ రాత్రి ఈ లోయలో ఉన్నది తమ వ్యాన్ ఒక్కటే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన గ్లెండా అప్పుడే మనవరాలికి పేర్లు ఎంచుతోంది. మాట మింగేసి, ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, వాటిలో ఏ పేరు బాగుందో మళ్ళీ చెప్పమన్నాడు.