పన్నెండు సంతకాల సున్నా

గుమాస్తా పరిగెత్తుతున్నాడు.

అరవై దాటిన మనిషి. చెవి మీద పెన్సిల్ చెక్కుచెదరలేదు. చెప్పు ఒకటి మాత్రం ఎప్పుడో జారిపోయింది.

వెనకే లెఫ్టినెంట్.

యాభై రెండేళ్లు. కుడికాలు కాస్త ఈడుస్తాడు. జైలు పెట్టి పంపిన సారె అది.

మిట్టమధ్యాహ్నం. పెద్ద హోటల్ అడుగున లాండ్రీ. గది నిండా ఆవిరి... లెఫ్టినెంట్ నిండా ఆవేశం.

మురికి దుప్పట్ల ట్రాలీని గుమాస్తా వెనక్కి తోస్తాడు. అది సూటిగా వచ్చి లెఫ్టినెంట్ మోకాలికి కొట్టుకుంటుంది.

కళ్లముందు చుక్కలు!

"ఆగవయ్యా. నీతో ఒక్క మాట."

"ఒక్క మాట కోసం ఇంత స్పీడుగా ఎవరొస్తారు సార్?"

పరుగు ఆపకుండానే జవాబు. ఊపిరి ఆడకపోయినా నోరు ఆడుతోంది ముసలాడికి.

వాషింగ్ మెషీన్లు వరసగా గిర్రున తిరుగుతున్నాయి. లెఫ్టినెంట్ తలలో ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్నది ఒకటే ప్రశ్న.

చెప్పిందెవడు?

ఎదురుగా ఇస్త్రీ సెక్షన్. దాని తలుపు ధడాలున మూసుకుంటుంది. మూసి అడ్డంగా నిలబడింది ఒక ఆడమనిషి. ముప్పై ఏడేళ్లు. ఇస్త్రీ చేసేవాళ్లలో ఏకైక స్త్రీ. వారం కింద టీ తాగుతూ ఈ గుమాస్తా ఆమె దగ్గరే గొప్పలు పోయాడు. తను ఒకప్పుడు నేవీ కోర్టులో పనిచేశానని.

ఆమె ఎవరి చెల్లెలో తెలియక!

"ఎక్కడికి బాబాయ్, భోజనానికా?" అంటుందామె. కుడిచెయ్యి ఏప్రన్ కింద ఉంది. ఆ ఏప్రన్ కింద ఏదో పొడుగ్గా, గట్టిగా ఉంది.

గుమాస్తా రంగు మారిపోతుంది. పక్కకి తిరుగుతాడు. మెట్లు. మూడంతస్తులు. ఆపైన డాబా.

"పోనివ్వు అన్నయ్యా. పైన ఇంకో దారి లేదు."

ఇద్దరూ మెట్లెక్కుతారు. ఆమె రెండేసి. అతను ఒక్కొక్కటి... పళ్లు కొరుకుతూ.

ఒక్కో మెట్టుకీ ఒక్కో ఏడాది గుర్తొస్తోంది.

ఆ ఓడలో ఉన్న రోజుల్లో అతనికి ముప్పై. లెఫ్టినెంటే అయినా రైట్ అనుకున్నదే చేసేవాడు. ఒకరోజు ఆకలికి ఊరొదిలి పడవల్లో వస్తున్న జనం ఎదురయ్యారు. పిల్లా పీచూ అందరూ. కాల్చమన్నాడు కెప్టెన్.

లెఫ్టినెంట్‌తో కలిపి పన్నెండు మంది కాల్చం అన్నారు. కాగితం మీద రాశారు. కింద సంతకాలు గుండ్రంగా పెట్టారు. అది పాతకాలం నావికుల పద్ధతి. సున్నాకి మొదలుండదు. ముందు సంతకం పెట్టిందెవరో ఎవడూ కనిపెట్టలేడు. నాయకుడెవరో తెలియకపోతే ఉరి ఎవరి మెడకి వేస్తారు?

కనిపెట్టారు!

మొదట సంతకం పెట్టిన సిగ్నల్‌మ్యాన్‌ని గోడ దగ్గర నిలబెట్టి కాల్చేశారు. ఆ సిగ్నల్‌మ్యాన్‌కి అప్పటికి పదిహేనేళ్ల చెల్లెలు.

ఓడలో గెలిచి కోర్టులో ఓడాడు లెఫ్టినెంట్. పన్నెండేళ్ల జైలు. బయటికొచ్చాక పదేళ్ల వేట. మిగిలిన పదిమంది ఇళ్లకీ వెళ్లాడు. ఓడలో బాయిలర్ చూసేవాడి ముక్కు పగలగొట్టాడు. వంటవాణ్ణి పెళ్లాం ముందు చెంపలు వాయించి, ద్రోహి అని వీధంతా వినపడేలా అరిచాడు. ఆ వంటవాడు నెల తిరక్కుండా ఉరేసుకున్నాడు. వాడేనేమో అనుకున్నాడు లెఫ్టినెంట్. కాదేమో అని కూడా అనుకున్నాడు.

తలుపులు మూసి నడిపిన కోర్టు. లోపలి మాట రాసుకున్నది ఈ గుమాస్తా ఒక్కడే.

చెల్లెలికీ అతనికీ ఒప్పందం ఒకటే.

ప్రశ్న అతనిది. తూటా ఆమెది. పేరు ఎవరిదైనా సరే!

డాబా.

తాళ్ల మీద వందల దుప్పట్లు. తెల్లగా. గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి.

ముసలాడు లేడు.

లెఫ్టినెంట్ వంగి దుప్పట్ల కింద చూస్తాడు. ఒకటో వరస... ఖాళీ. రెండో వరస... ఖాళీ. మూడో వరస... ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు!

దుప్పటితో సహా పట్టుకుని పిట్టగోడకి అదుముతాడు.

"పేరు చెప్పు. లేకపోతే ఉతికి ఆరేస్తా."

"ఇక్కడ ఆ పని మాదే సార్," రొప్పుతూ అంటాడు గుమాస్తా. "వదలండి. చచ్చిపోతానని పరిగెత్తలేదు నేను."

"మరి?"

"మీకిది చూపించాల్సొస్తుందని."

జేబులోంచి ప్లాస్టిక్ కవర్ తీస్తాడు. లోపల పసుపెక్కిన జిరాక్స్ కాగితం. గుమాస్తా అన్నాక ఒక కాపీ దగ్గర పెట్టుకోకుండా ఉంటాడా?

పన్నెండు సంతకాలు. గుండ్రంగా.

లెఫ్టినెంట్ గుర్తుపడతాడు. ఇరవై రెండేళ్ల తర్వాత చూస్తున్నాడు దాన్ని.

"కాగితం ఎందుకయ్యా నాకు? ఎవడు నోరు విప్పాడో చెప్పు."

"ఎవరూ విప్పలేదు సార్."

"అబద్ధం."

"గోళ్లు పీకారు. నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. ఒక్కడు... ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు. నేను రాసుకున్నాగా. ఆ వంటాయన్నయితే తలకిందులుగా వేలాడదీశారు. పాట పాడాడు."

వంటవాడు!

లెఫ్టినెంట్ చేతులు సడలుతాయి.

"మరి ఎలా తెలిసింది?" ఈసారి అడిగింది చెల్లెలు.

"సంతకాల పక్కన చూడమ్మా."

ఆమె కాగితం అందుకుంటుంది. కళ్లు చికిలించి చూస్తుంది.

"అంకెలున్నాయి. నాలుగూ పది. నాలుగూ పన్నెండు. నాలుగూ పదమూడు..."

"టైములమ్మా. ఎవరు ఎన్నింటికి సంతకం పెట్టారో. జడ్జికి నిమిషం కూడా పట్టలేదు. నాలుగూ పది మీ అన్నయ్యది. మొదటివాడికి తూటా. చివరివాడికి అందరికంటే తక్కువ శిక్ష, పన్నెండేళ్లు... నాలుగూ ముప్పై ఒకటి." గుమాస్తా లెఫ్టినెంట్ వైపు చూడడు. "పన్నెండు టైములూ ఒకే చేతిరాత."



లెఫ్టినెంట్‌కి టార్చి వెలుగు గుర్తొస్తుంది. మణికట్టు మీద వాచీ. ఒక్కొక్కరు వచ్చి సంతకం పెట్టడం... పక్కనే తను టైం వేయడం. ఓడ మీద ఏం జరిగినా లాగ్‌బుక్‌లో టైం వేయాలి. గాలి మారితే టైం. లంగరు ఎత్తితే టైం. ఎనిమిదేళ్ల అలవాటు. ఊపిరి పీల్చడం ఎవడికి గుర్తుంటుంది?

"ఇక్కడ కూడా లాగ్‌బుక్కేనా సార్?" అని నవ్వాడు సిగ్నల్‌మ్యాన్.

తనూ నవ్వాడు.

సున్నాకి మొదలు పెట్టింది తనే!

"అన్నయ్యా, ఈయన అబద్ధం చెప్తున్నాడు కదూ?" ఆమె గొంతు చిన్నపిల్లదైపోతుంది. "చెప్పు. అబద్ధమని ఒక్కసారి అను. ఇక్కడే కాల్చేస్తా ముసలాణ్ణి."

ఒక్క మాట చాలు.

అది అబద్ధం అంటే చాలు. కాగితం గాలికి పోతుంది. ముసలాడు పోతాడు. చెల్లెలు చెల్లెలిగానే మిగులుతుంది.

గుమాస్తా కళ్లు మూసుకుంటాడు.

లెఫ్టినెంట్‌కి పెళ్లాం ముందు దెబ్బలు తిన్న వంటవాడి మొహం కనిపిస్తుంది. ఆ రోజు కూడా వాడు నోరు విప్పలేదు.

"నిజమే," అంటాడు. "ఆ రాత నాదే."

దుప్పట్లు టపటపా.

ఆమె ఏప్రన్ కిందనుంచి చెయ్యి బయటికి తీస్తుంది. పిస్టల్. వణకడం లేదు. ఇన్నాళ్లూ అన్నయ్యా, నువ్వూ అని పిలిచిన నోరు మెల్లగా తెరుచుకుంటుంది.

"ఏ చేత్తో రాశారు, సార్?"

లెఫ్టినెంట్ ఆమెనే చూస్తాడు. తర్వాత కుడిచెయ్యి పైకెత్తి, వేళ్లు విడదీసి, పక్కకి చాపుతాడు.

ఢాం!