కడలిగోడ బొమ్మలో ఖాళీ

ఐదో తరగతిలో నలభై గాజుబల్లలు ఒకేసారి వెలిగాయి. ఒక్కో బల్లమీద నూటఇరవై ముక్కలు చిందరవందరగా పరుచుకున్నాయి. పిల్లలు వంగి, వేళ్ళతో ముక్కల్ని జరుపుతూ, అలవాటైన పాట అందుకున్నారు: మూలలు ముందు, అంచులు తరువాత, నడుమది చివర. ఆ పాట కట్టింది విశాలాక్షి టీచరే. ఉపాధ్యాయ శిక్షణలో ఆమెకు మొదటి బహుమతి వచ్చింది ఆ పాటకీ, ఆ చేతివేగానికీ. ఇరవయ్యేళ్ళుగా ప్రతి తరగతికీ నేర్పుతూనే ఉంది.

2081లో పాఠమంటే కూర్పుబొమ్మే. పుస్తకాలు బీరువాల్లోకి వెళ్ళి చాలాకాలమైంది. విత్తనం ఎలా మొలకెత్తుతుందో, యుద్ధం ఎందుకొచ్చిందో, అంతా ముక్కలుగా బల్లమీదికొస్తుంది. ముక్క సరైన చోట పడితే తన సంగతి తానే చెబుతుంది. దీన్నంతా నడిపే యంత్రం పేరు కూర్పరి. ప్రతి బల్ల అంచునా ఆవగింజంత చూపుగ్రాహి, అంటే కంటిపాపను వెంబడించే సెన్సర్ ఉంటుంది. చూపు ఎక్కడ ఆగింది, వేలు ఎక్కడ వెనకాడింది, అన్నీ గమనించి కూర్పరి బొమ్మను పిల్లలకు వీలుగా సర్దుతుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ పారినాయుడికి కప్పీ కప్పీ రాష్ట్రంలో శాలువాలు అయిపోయాయని మాస్టర్లు చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆ రోజు విశాలాక్షికి నవ్వు రాలేదు. పొద్దుటినుంచీ ఒళ్ళు మండిపోతూనే ఉంది.

ఆనాటి బొమ్మ మళ్ళీ కడలిగోడే. ముప్పయ్యేళ్ళ కిందట సముద్రం ఊరిని మింగబోతే అడ్డంగా కట్టిన గోడ అది. అది లేకపోతే ఈ బడీ లేదు, బల్లలూ లేవు. పిల్లలంతా ఆకాశం, అలలు, గోడ టకటకా పేర్చేశారు. మూడో వరుసలో మైలపల్లి గంగోత్రి కూడా పేర్చింది. పేర్చి, నడుమనున్న ఆరు ముక్కల్ని మళ్ళీ ఊడబీకి పక్కకు నెట్టింది.

"గంగోత్రీ, నీ బొమ్మ అసంపూర్తి. ఇది పదకొండోసారి," అంది కూర్పరి మెత్తగా.

"ఇది మా గోడ కాదు. ఇక్కడ మడుసులుండాల," అంది గంగోత్రి బల్ల కేసి చూస్తూ. "మా మామ్మ ఉండాల. పచ్చకోక కట్టుకుని, నెత్తిమీద రాళ్ళతట్టతో."

పిల్లలు కిసుక్కున నవ్వారు. గంగోత్రి తల దించుకుంది గానీ ఆ ఆరు ముక్కల జోలికి మాత్రం పోలేదు.

విశాలాక్షి బల్లమీద కూర్పరి పంపిన ఉత్తర్వు వెలుగుతోంది. 'విద్యార్థిని లేనిది ఉన్నట్టు చెబుతోంది. సోమవారం నుంచి సరళ శాఖకు మార్చవలెను.' సరళ శాఖ వేరే ఊళ్ళో ఉంది. అక్కడ పిల్లలకు ఎరుపు పక్కన ఎరుపు, నీలం పక్కన నీలం పెట్టడం తప్ప వేరే చదువు చెప్పరు. అక్కడికి పోయిన పిల్ల తిరిగి రావడం విశాలాక్షి ఇంతవరకూ చూడలేదు.

ఆమె అప్పటికే పారినాయుడికి మూడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి నలభై బల్లలూ ఆపేసి పిల్లల్ని ఆరుబయట కూర్చోబెడతానని కబురు పంపితే, మధ్యాహ్నానికల్లా డాక్టర్ పారినాయుడే స్వయంగా దిగాడు. బక్కపలచటి ముసలాయన. పిల్లల్ని ఆటకు పంపేసి, గంగోత్రిని మాత్రం గుమ్మం దగ్గర ఉండమంది విశాలాక్షి.

"ఆ పిల్ల అబద్ధమాడటం లేదు. వాళ్ళ మామ్మ నూకాలమ్మతో నేను మాట్లాడాను," అంది, ఆయన కూర్చోకముందే. "గోడ కట్టేటప్పుడు ఆడకూలీల్ని వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. వారం తిరక్కుండా తుపాను వచ్చి, నూకాలమ్మ తప్ప ఆ వరసంతా కొట్టుకుపోయింది. వాళ్ళ పేర్లు ఆవిడ రోజూ అన్నం ముందు కూర్చుని చెప్పుకుంటుంది. ఆ ఫోటోయే మీ పాఠం. మీ బొమ్మలో ఒక్క మనిషీ లేడు. మీ యంత్రం మింగేసింది."

"యంత్రం దేన్నీ మింగదండీ," అన్నాడు పారినాయుడు నింపాదిగా. "కూర్పరీ, చెప్పు."

"దాన్ని సవరింపు అంటారు," అంది కూర్పరి. "ఒక రకం ముక్కల్ని చెయ్యి పదేపదే దాటేస్తే, అవి నేర్చుకోవడానికి అక్కర్లేనివని తెలుస్తుంది. పక్కనున్న రంగుతో ఆ చోటు నింపుతాను. ఈ బొమ్మకు మొదట నూటఅరవై ముక్కలు. నలభై సవరించాను."

"ఆ నలభైలో ఏమున్నాయి?"

"ముఖాలు. చేతులు. తట్టలు."

విశాలాక్షి చెవులు ఎర్రబడ్డాయి. "ముఖాలు అక్కర్లేదన్నది ఏ దరిద్రుడి చెయ్యి? ఎవడో నీడపట్టున కూర్చుని మూడు నిమిషాల్లో బొమ్మ ముగించేస్తే, మా పిల్ల అబద్ధాలకోరు అయిందా? ముందు అసలు బొమ్మ చూపించు. తరువాత ఆ చెయ్యి చూపించు."

"చెయ్యి ఎందుకులెండి. పాత సంగతి," అన్నాడు పారినాయుడు.

"చూడాల్సిందే. ఆ మనిషిని ఈ పిల్ల ముందు నిలబెట్టి సమాధానం చెప్పిస్తాను."

గోడమీద అసలు బొమ్మ వెలిగింది. బూడిదరంగు గోడ ముందు పదిహేడుమంది ఆడవాళ్ళు, ఎండకు కళ్ళు చికిలించి, తట్టలు దించకుండానే నిలబడి ఉన్నారు. గంగోత్రి గుమ్మం వదిలి పరుగున వచ్చింది.

"పచ్చకోక మా మామ్మ. పక్కనుంది కొర్లమ్మంట. ఇటుపక్క నీలమ్మప్ప," అంటూ వేలితో ఒక్కొక్కరినీ తాకింది. పదిహేడు పేర్లూ తడుముకోకుండా చెప్పింది. విశాలాక్షికి ఏడుపొచ్చింది. దానికంటే ఎక్కువగా కోపమొచ్చింది.

"ఇప్పుడు ఆ చెయ్యి," అంది.

"సవరింపులన్నీ ఒకే మాతృహస్తం చూసి నేర్చుకున్నాను," అంది కూర్పరి. "అన్ని పాఠాలకూ అదే నమూనా. 2059 వేసవి. తొమ్మిదివందల బొమ్మలు."

తెరమీద ఒక చెయ్యి కదిలింది. సన్నటి, చురుకైన చెయ్యి. మూలలు పెట్టింది. అంచులు పెట్టింది. ఆకాశం, సముద్రం, గోడ. ముఖాలున్న ముక్కలు వచ్చినప్పుడల్లా అరచేతి అంచుతో వాటిని ఎడమపక్కకు తోసింది. గంట మోగింది. బొమ్మ మారింది. వరి కోత పాఠం: పొలం, ఎడ్లు, మేఘాలు. కోసేవాళ్ళు ఎడమపక్కకు. గంట. గని పాఠం. గంట. ఆ చేతి చిటికెనవేలు చివర కొద్దిగా బయటికి వంగి ఉంది.

విశాలాక్షి తన కుడిచేతిని కొంగుచాటుకు తీసుకుంది.

ఆ వేసవి శిక్షణంతా గుర్తొచ్చింది. ముఖాలంటే కష్టం. అందరివీ ఒకే రంగు, ఒకే ఎండ. చివర పెడదాంలే, ముందు తేలికవి అయిపోనీ అనుకునేది. అంతలో గంట మోగేది. ఎవరిమీదా కోపం లేదు, ఎవరూ వద్దని అనుకోలేదు. తొమ్మిదివందల సార్లు, చివర పెడదాంలే అనుకుంది, అంతే. అందరూ చప్పట్లు కొట్టి బహుమతి ఇచ్చారు.

"మీకు తెలుసా?" అంది పారినాయుడితో.

"తెలుసు. మీ మొదటి ఉత్తరం చూసినప్పుడే తెలిసింది. చెప్పడానికి మనసొప్పలేదు," అన్నాడు పారినాయుడు. "పరీక్షకు ఆరువందలమంది వచ్చారు విశాలాక్షిగారూ. ఆరువందల చేతులూ అదే పని చేశాయి. మీది కాస్త వేగమైనది, అందుకే తీసుకున్నాం."

"ఆరువందలమందీ అదే చేస్తే, అది సరైనదని యంత్రానికి ఎలా చెప్పారు?"

"మేం కూడా అలాగే చేసేవాళ్ళం కదండీ. తప్పని తోచలేదు."

పొద్దుటినుంచీ కూడబెట్టుకున్న కోపం ఎవరిమీద పడాలో తెలియక ఒంట్లోనే తిరిగింది. బల్లమీది ఉత్తర్వును ఆయన ముందుకు నెట్టింది. ఆయన వేలితో కొట్టేశాడు.

"గంగోత్రి ఎక్కడికీ పోదు," అంది విశాలాక్షి. "కూర్పరీ, నూటఅరవై ముక్కలూ తెచ్చి పెట్టు. ఈ ఒక్క బొమ్మే కాదు. తొమ్మిదివందలూ."

"మాతృహస్తాన్ని మార్చాలా?" అని అడిగింది కూర్పరి.

"మార్చు. మళ్ళీ మొదటినుంచీ నేర్చుకో."

మూడో వరుస బల్ల వెలిగింది. గంగోత్రి బెంచీమీద పక్కకు జరిగి చోటిచ్చింది. "రండి టీచర్. ఇద్దరం కడదాం."

విశాలాక్షి కూర్చుంది. నూటఅరవై ముక్కలు. పచ్చకోక ముక్క సరిగ్గా తన చేతికిందే ఉంది. ఆమె చెయ్యి చాచింది. చెయ్యి పచ్చకోకను దాటి, పైన మూలకు పోయింది. నీలిరంగు ఆకాశం ముక్క వేళ్ళ మధ్యకు వచ్చాక గానీ ఆమెకు తెలియలేదు.

గంగోత్రి ఆమె మణికట్టు పట్టుకుంది.

"మామ్మని ముందు పెట్టండి టీచర్," అంది. బల్ల అంచున చూపుగ్రాహి మినుకుమంటూ, అప్పటికే నేర్చుకోవడం మొదలుపెట్టింది.