నీలి మూత సీసాలు

ప్రొఫెసర్ లక్ష్మీకాంత్ శవం శనివారం తెల్లారేసరికి విజయవాడలో బందరు కాలువలో తేలింది. ప్లాస్టిక్ కవర్లూ, తాగి పారేసిన కొబ్బరి బోండాలూ కొట్టుకొచ్చి ఆగే చోట, ఆ చెత్తలోనే ఆయనా ఆగిపోయాడు. మెడ మీద చిన్న సూది గుర్తు. పోస్ట్‌మార్టంలో కడుపులోంచి మందుబిళ్ళంత క్యాప్సూల్ దొరికింది. చంపేస్తారని తెలిసి మింగినట్టున్నాడు. దాని లోపల మెమరీ కార్డు.

దాన్ని కడిగింది కృప. పదకొండేళ్ళుగా గూఢచారి విభాగంలో ఉంది, గుణదల అమ్మాయి. చేతులు నాలుగుసార్లు సబ్బుతో రుద్దుకున్నా ఆ వాసన వదల్లేదు. మధ్యాహ్నానికి మంగళగిరిలో ఒక చీరల దుకాణం మేడ మీద, బీరువాల వెనకున్న గదిలో చీఫ్ వెంకటకృష్ణారావు ఎదురుగా కూర్చుంది.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ కొన్ని ప్రొటీన్లు బ్రేకుల్లా పనిచేస్తాయి," అన్నారు చీఫ్. "కణం అదుపు తప్పి పెరగకుండా ఆపేది అవే. ఇక పనికిరాని ప్రొటీన్ మీద కణం ఒక గుర్తు అంటిస్తుంది. గుర్తు పడిందా, లోపలుండే యంత్రం దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. ఆ గుర్తు వేసే ప్రొటీన్‌ని లక్ష్మీకాంత్ గారు కొత్తగా తయారుచేశారు. కేన్సర్‌ని పెంచే ప్రొటీన్ మీద గుర్తు వెయ్యడానికి."

"మంచి పనే కదండీ."

"మంచి పనే. ఆర్బర్ అనే మందుల కంపెనీ ముసుగులో ఉన్న ముఠా దాన్ని తిరగేసింది. ఇప్పుడది బ్రేకు మీద గుర్తు వేస్తుంది."

కృపకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. బ్రేకు పోతే కణం ఇక ఆగదు, కేన్సరే.

"ముందు జబ్బు అంటిస్తారు," చీఫ్ గొంతు తగ్గించారు. "ఎంత త్వరగా ముదురుతుందో కొలుస్తారు. తర్వాత దానికి మందు అమ్ముతారు. ఇదంతా, విరుగుడు ఫార్ములాతో సహా, ఆ కార్డులోనే ఉంది. ఫిబ్రవరిలో కొల్లేటి పక్క పడవలంకలో హెల్త్ క్యాంపు పేరు చెప్పి పదకొండు మందికి పొడిచారు. విటమిన్ ఇంజెక్షన్ అన్నారట. రేపు పదిగంటలకి అక్కడే రెండో క్యాంపు. రెండు వందల మందికి."

"ఇప్పుడే ఆపేద్దాం సార్."

"సరుకెక్కడుందో తెలీదు. ముఠా నడిపే ఫిలిప్ ఎక్కడున్నాడో తెలీదు. రేపు రెండూ ఒక్కచోటికొస్తాయి. లోపల మన మనిషి ఉంది, డాక్టర్ సుస్మిత. ఆర్బర్‌లో పనిచేస్తూ ఆరునెలలుగా మనకి సమాచారం ఇస్తోంది. ఆమె చెప్పినట్టు నడుచుకో."

లేస్తుంటే ఒక పెన్ను చేతికిచ్చారు. నొక్కితే ఊదారంగు కాంతి వస్తుంది. మందు ఒంట్లో ఎటు పోతోందో చూసుకోడానికి ఆర్బర్ వాళ్ళే దానికొక మెరిసే ప్రొటీన్ తోక తగిలించారు. ఆ కాంతి పడితే సరుకు ఆకుపచ్చగా వెలుగుతుంది.

ఆదివారం. పడవలంక గట్టు మీద షామియానా. ఎండబెట్టిన చేపల వాసన, మే నెల ఉక్క. తెల్లచీర, తలకి క్యాపు, చెవిలో శనగగింజంత మైకు. నర్సు వేషంలో కృప వరసగా వస్తున్నవాళ్ళ పేర్లు రాసుకుంటోంది.

"పెద్దింట్లమ్మ అని రాయి తల్లీ," అంది ముందు నిలబడ్డ నడివయసు మనిషి. "మా ఆయనక్కూడా ఇంకోటి పొడుత్తారా? సూరయ్య. మొన్న మాఘంలో పొడిచారు. అప్పట్నుంచీ మెడ కాడ గడ్డ లేచింది. నిమ్మకాయంత ఉండేది, ఇప్పుడు బత్తాయంతయింది. బలానికి ఇంకోటి ఏయించుకుంటే కరుగుద్దని ఆ డాక్టరమ్మ చెప్పింది."

కృప కలం ఆగిపోయింది. షామియానా గుంజకి ఆనుకుని కూర్చున్న సూరయ్య, మెడ ఒకవైపు వాల్చి, ఆమెను చూసి మర్యాదగా నవ్వాడు.

అప్పుడే కారు దిగింది సుస్మిత. మీగడరంగు చీర, నల్ల కళ్ళద్దాలు, ముక్కుకి సెంటు రుమాలు. మగవాళ్ళు దారిచ్చారు.

"మంగళగిరి చీరాండీ మేడమ్?" అంది కృప.

"నేసింది అక్కడే. కొన్నది చీరాల్లో." కోడ్ సరిపోయింది. సుస్మిత పక్కకి వంగింది. "ఎర్ర మూతవి అసలు సరుకు. నీలి మూతవి నేను మార్చేశాను, ఉత్త సెలైన్. ఇవాళ వాడేవన్నీ నీలివే. అందరికీ ఇవ్వనివ్వు. అయ్యాక ఫిలిప్ పడవలో వస్తాడు, అప్పుడు పట్టుకోండి. ఈలోగా మీవాళ్ళెవరూ తొందరపడొద్దు." రుమాలు ఇంకాస్త నొక్కుకుంది. "ఛీ, ఈ కంపులో మనుషులెలా బతుకుతారో!"

కృపకి ఆ చేపల వాసన ఏమీ అనిపించలేదు. ఆ సెంటే గొంతుకి అడ్డం పడింది.

సుస్మిత అటు తిరగ్గానే బల్ల కింద ఎర్రమూత సీసా మీద పెన్ను నొక్కింది. ఏమీ లేదు. నీళ్ళు. నీలిమూత సీసా మీద నొక్కింది.

ఆకుపచ్చగా భగ్గుమంది.

ఆరునెలలు ఈమె మాటలు విని విభాగం నిద్రపోయింది. ఇప్పుడు ఇంజెక్షన్లు పూర్తయ్యేదాకా కాపలా కూడా వాళ్ళచేతే కాయిస్తోంది!

"మోసం! వచ్చెయ్యండి!" అంది మైకులో. గట్టు అవతల అంబులెన్సులో ఉన్న టీమ్‌కి మూడు నిమిషాల దూరం. తలెత్తి చూస్తే రెండో బల్ల దగ్గర, రోజుకూలికి తెచ్చిన నర్సు సుధామణి సిరంజితో వంగి ఉంది. ఇవాళ్టి మొదటి సూది అప్పటికే పెద్దింట్లమ్మ జబ్బలో దిగింది. బొటనవేలు సిరంజి పిడి మీద ఆనింది.

కృప బల్ల మీంచి దూకింది. "నొక్కకు!"

సుధామణి మణికట్టు దొరకబుచ్చుకుని వెనక్కి విరిచింది. సూది బయటికొచ్చింది. సిరంజి కాంతికెత్తి చూసింది. నిండుగా, గీతకి గీత అలాగే ఉంది. ఒక్క చుక్క దిగలేదు.

"ఏంటమ్మా ఇది? ఏం జరిగింది?" సుధామణి మణికట్టు రుద్దుకుంది.

"అది విషం. ఎవరూ ముట్టుకోకండి!"

సుస్మిత అప్పటికే గట్టు దిగి పరిగెడుతోంది. రెల్లు చాటునుంచి మోటారు పడవ వచ్చింది. ఫిలిప్ చెయ్యందించి ఆమెను పైకి లాగాడు. ఇంజను గర్జించింది. కృప పిస్టల్ తీసి ఒడ్డుకొచ్చేసరికి పడవ యాభై గజాలు పోయింది.

"ఆగు తల్లీ," అంది వెనకనుంచి పెద్దింట్లమ్మ, జబ్బ మీద దూది అదుముకుంటూ. "అటేపు ఇంజను పడవ పోదు. అంతా గుర్రపుడెక్క. ఆడికి తెలీదు."

మాట పూర్తికాకముందే ఇంజను దగ్గి ఆగిపోయింది. ఫ్యానుకి కాడలు చుట్టుకున్నాయి. ఫిలిప్ తాడు లాగాడు, మళ్ళీ లాగాడు, బూతులు తిట్టాడు. ఒడ్డున రెండు వందలమంది నిలబడి చూశారు. ఒక్కరూ దోనె తియ్యలేదు. టీమ్ వచ్చాకే తీశారు.

బురదతో ఒడ్డుకి వచ్చిన సుస్మిత, చేతులకి బేడీలు వేస్తుంటే, కృపని ఎగాదిగా చూసింది. "చదువుకున్నదానివి, నీకైనా అర్థం కావాలి. ఏ మందైనా ఎవరో ఒకరి మీద చూడాల్సిందే. వీళ్ళు పోతే అడిగేవాళ్ళెవరు?"

కృప వెళ్ళి సూరయ్య పక్కన కూర్చుని మెడ మీద గడ్డ చూసింది. లేచి ఫోను తీసింది.

"శభాష్ కృపా," అన్నారు చీఫ్. సుస్మితని నమ్మమన్నది తనేనన్న సంగతి ఎత్తలేదు.

"ముందు డాక్టర్లని పంపండి సార్. పదకొండు మందీ ఇక్కడే ఉన్నారు. ఆ సరుక్కి విరుగుడు ఫార్ములా కూడా లక్ష్మీకాంత్ గారి కార్డులో ఉందన్నారు కదా?"

"ఉంది. సాయంత్రానికి మెడికల్ టీమ్ వస్తుంది." అన్నారు చీఫ్. "అన్నట్టు, మొత్తం సీసాలెన్ని?"

"రెండు వందల పైన ఉన్నాయండీ."

"ఐస్ పెట్టెలోనే ఉంచు. మన లేబ్ వాళ్ళకి కావాలట. ఊరికే, స్టడీకి. పైనుంచి ఫోనొచ్చింది. రిపోర్టులో మాత్రం రాయకు."

కృప ఐస్ పెట్టె వైపు చూసింది. ఆ సెంటు వాసన మళ్ళీ తగిలినట్టయింది. "చూస్తానండీ," అని పెట్టేసింది.

రెండు సీసాలు మాత్రం ఊరివాళ్ళ సంతకాలతో పంచనామా రాయించి కోర్టుకి సీలు చేసింది. మిగిలినవన్నీ మూతలు తియ్యకుండానే నీళ్ళున్న పెద్ద గిన్నెలో వేసి, పెద్దింట్లమ్మ పొయ్యి మీద గంటసేపు మరిగించింది. ప్రొటీన్ ప్రొటీనే, ఎవడు ఎంత తెలివిగా తయారుచేసినా వేడికి విరిగిపోతుంది. సీసాల్లో మందు తెల్లగా గడ్డకట్టింది. పెన్ను నొక్కి ఒక్కొక్కటీ చూసింది. ఏదీ వెలగలేదు.

నాలుగింటికి చీఫ్ మళ్ళీ ఫోను చేశారు. "సీసాలేవి?"

"పాడైపోయాయండీ."

"పాడవడమేంటి? నేను పైవాళ్ళకి ఏమని చెప్పుకోను?"

"ఎండ అని చెప్పండి సార్," అంది కృప. "మే నెల కదండీ."